డ్రైవర్ మామ ఎంచిన బూట్లు

మంగళవారం పొద్దున, కువైట్‌లో నేను పనిచేసే ఇంటి వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కఫీల్ అని మేం పిలిచే మా యజమాని పెద్దకొడుకు గుమ్మం దగ్గరికి వచ్చి, మా డ్రైవర్ మామ ఆసుపత్రిలో పోయాడని చెప్పాడు. నీళ్ళు వంచేసి, మళ్ళీ పట్టి, కడిగిన బియ్యాన్నే ఇంకోసారి కడిగాను. ఏడుపు వచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఇక్కడే ఎగైలాలో ఉంటున్న మా రాయచోటి వాళ్ళు అడిగారు. మంచి మాటలు చాలానే ఉన్నాయి. అవి మాత్రమే రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

ఆయన నాకు రక్తసంబంధి కాదు. ఆయన ముస్లిం, నేను హిందువును, ఇద్దరిదీ ఒకే తాలూకా. ఆ వరసలోనే మామ అని పిలిచేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి డ్రైవరు. నేను వంటవాడిగా దిగిన మొదటి రోజు, ఆయన గదిలో ఏసీ చలికి వణుకుతుంటే తన రగ్గు నా మీద కప్పి, తాను లుంగీ కప్పుకుని పడుకున్నాడు. కూరగాయల పెట్టెల మీది అరబ్బీ అంకెలు చదవడం నేర్పింది ఆయనే. కఫీల్ ఏమన్నా నాకు తెలుగులో చెప్పేవాడు, నేనేమన్నా ఆయనకు అరబ్బీలో చెప్పేవాడు. ఆ ఇంట్లో నా నోరు ఆయనే.

మా కఫీల్‌కు బాతుల వేట పిచ్చి. ఏటా చలికాలం మొదట్లో కజకిస్తాన్ పోతాడు. అక్కడ ఒక ఊరి నుంచి చిన్న విమానంలో తీసుకుపోయి, మనిషి జాడ లేని చిత్తడి నేలలో, సరస్సు పక్కన దింపేస్తారు. మళ్ళీ విమానం వచ్చేది పదో రోజుకే. సామాన్లు మోయడానికి మామ ప్రతి ఏడూ వెళ్ళేవాడు. రెండేళ్ళ క్రితం వంటకని నన్నూ తీసుకెళ్ళారు. విమానం ఎక్కే ముందు మూటలన్నీ తూకం వేస్తారు కాబట్టి పనివాళ్ళకు తలా ఒక జత బూట్లే అన్నారు.

బూట్ల కోసం మామ నన్ను సబ్హాన్‌లోని ఒక దుకాణానికి తీసుకెళ్ళాడు. కావాలనే సాయంత్రం తీసుకెళ్ళాడు.

"దినమంతా నిలబడి పాదం ఉబ్బింటాది అబ్బీ. ఇప్పుడు పట్టిన బూటే ఆడ పడ్తాది," అన్నాడు.

రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడిగించాడు. చూడ్డానికి బాగున్న తోలు బూట్లు తీయబోతే చేతి మీద ఒకటి వేశాడు. "తోలు నానితే ఆడ ఆరదు. ఎండుండదు, పొయ్యి కాడ పెడితే పగుల్తాది. నీకు రబ్బరువే. మోకాలు దాకా ఉండాల." మోకాలెత్తు రబ్బరు బూట్లు, లోపల మందపాటి అస్తరు ఉన్నవి ఎంచి, నా కొలత కంటే ఒక సైజు పెద్దది తీయించాడు. దుకాణం వాడిని బకెట్‌తో నీళ్ళు అడిగాడు. వాడు మొహం చిట్లించాడు. "తడిసేది నీ కాలు కాదు, వీని కాలు," అని నవ్వించి నీళ్ళు తెప్పించాడు. బూటు ముందు భాగంలో టిష్యూ కాగితం కుక్కి, ఆ నీళ్ళలో నన్ను చాలాసేపు నిలబెట్టాడు. తీసి చూస్తే కాగితం పొడిగా ఉంది.

"దుకాణమోడు చెప్పేది గాదు, నీళ్ళు చెప్పేది ఇనుకో," అన్నాడు. నన్ను ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషి ఈ దేశంలో ఉన్నాడని ఆ రోజు ఎంత గర్వపడ్డానో.

సరస్సు దగ్గర రెండో రోజే ఆయన పాత తోలు బూటు అడుగు కుట్టు విడిపోయింది. మూడో రోజు పొద్దున లేచి చూస్తే గుడారం మూల నా బూట్లు లేవు. వాటి చోట ఆయనవి ఉన్నాయి, లోపల నీళ్ళతో.

బయటికి పరిగెత్తాను. మామ నా బూట్లతో కఫీల్ పక్కన నిలబడి ఉన్నాడు.

"మామా, అవి నావి," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. కఫీల్‌తో అరబ్బీలో గబగబా ఏదో చెప్పాడు. నాకు అర్థమైంది ఒక్క మాటే, ఖదీమ్. అంటే పాతవి. కఫీల్ నా మీద అరిచాడు. వీడు పాత బూట్లు తెచ్చుకున్నాడు, చెప్తే వినలేదు అని నా నోరే నా మీద చెప్పిందని ఆ అరుపుల్లో తెలిసింది. తిరిగి చెప్పుకోడానికి నాకు అరబ్బీ రాదు.

సాయంత్రం బాతుల ఈకలు పీకుతూ అడిగాను. "ఎందుకిట్ల చేసినావ్ మామా?"

"నాకు షుగరుండాది అబ్బీ. కాలికి ఏమన్నా అయితే మానదు. నీది పడుచు రక్తం, నీకేం కాదు."

అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణేమో. అడగలేదు.

మిగిలిన రోజులన్నీ ఆ తోలు బూట్లలో, గడ్డకట్టే నీళ్ళలో నడిచాను. కువైట్ వచ్చాక, చలికి నల్లబడిన ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు. ఆసుపత్రికి రోజూ పాయా చారు కాచి తెచ్చింది మామే. దగ్గర కూర్చుని తినిపించేవాడు. బూట్ల ఊసు మాత్రం ఎత్తలేదు. ఒక సైజు పెద్దవి ఎందుకు ఎంచాడన్నది మంచం మీద పడుకుని ఎన్నిసార్లు ఆలోచించానో. మందపాటి మేజోళ్ళ కోసమా, లేక అది తన సైజు కాబట్టా? ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. సబ్హాన్‌లో గడిపిన ఆ సాయంత్రం కూడా నాకు దక్కకుండా పోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు పక్కపక్క గదుల్లోనే ఉన్నాం. నా చెప్పులు గుమ్మంలో ఎండకు పడి ఉంటే నీడలోకి జరిపేవాడు. నేను ముభావంగా ఉంటే, "ఏమబ్బీ, ఉప్పు ఎక్కువైందా ఈ పొద్దు?" అని పలకరించేవాడు. జవాబు చెప్పేవాణ్ణి. అంతకు మించి మాట్లాడలేకపోయాను.

పోయిన శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళాను. గుండె బలహీనపడి మనిషి సగమయ్యాడు. చెయ్యి పట్టుకుని, మొదటిసారి ఆ మాట ఎత్తాడు.

"బాబాకు చెప్పినావా?"

బాబా అంటే మా కఫీల్. "ఏంది మామా?"

"అదే. బూట్ల సంగతి."

"లేదు."

"చెప్పొద్దబ్బీ. ముప్పై ఏండ్లు నన్ను నమ్మినాడు."

నేను నమ్మలేదా మామా అని నోటిదాకా వచ్చింది. ఆ కళ్ళలో భయం చూసి మింగేశాను. "చెప్పనులే," అన్నాను. ఆయన నిమ్మళంగా కళ్ళు మూసుకున్నాడు. నా కాలు ఎలా ఉందని అడుగుతాడేమోనని గంట గడిచేదాకా కూర్చున్నాను.

ఇదంతా రాస్తున్నా, ఆ మాట తప్పలేదు. బాబాకు తెలుగు రాదు.

ఖబరస్తాన్‌కు బాబా కూడా వచ్చాడు. తానే పార పట్టి మట్టి వేశాడు. "నమ్మకమైన మనిషి," అన్నాడు నాతో. ఇప్పుడు నాకు బూట్ల సంగతి చెప్పేంత అరబ్బీ వచ్చు. "అవును బాబా, నాకు చాలా నేర్పాడు," అన్నాను. అదీ నిజమే.

అందరూ కార్ల వైపు వెళ్ళాక, ఒక ముసలాయన గోరీ మీద నీళ్ళు చల్లి డబ్బా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. తడిసినంత మేర ఇసుక నల్లబడింది. మధ్యాహ్నపు ఎండలో ఆ నలుపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. అరచేతి వెడల్పు మిగిలింది. కాసేపటికి అదీ చుట్టుపక్కల ఇసుక రంగులో కలిసిపోయింది.