ఎడమచేతి బాడిస

మా ఆవిడ నన్ను భంగార్‌వాలా అంటుంది. చంద్రపూర్‌లో పాత ఇనుము కొనేవాణ్ణి అలాగే పిలుస్తారు. ఆదివారం అందరూ కూరగాయలకు వెళ్తే నేను తుక్కు కుప్పల ముందు గొంతుక్కూర్చుంటాను. పాత రందాలు, ఉలులు, రంపాలు కనబడితే ఇక కాళ్లు కదలవు. వాటితో ఏం చేస్తావని అడిగితే ఇంకోటి తెచ్చి అరలో పెడతాను.

మొన్న ఎండాకాలంలో ఒక బాడిస దొరికింది. వడ్రంగులు చెక్క చెక్కేది. పిడి మీద వేళ్లు అరగదీసిన గుంటలు నా కుడిచేతికి కుదరలేదు. ఎడమచేత్తో పట్టుకుంటే అమిరిపోయింది. దగ్గర్లోని సాస్తి ఊళ్లో ఫలానా ఇంటిదని అమ్మినవాడు చెప్పాడు. ఆ ఇంట్లో ఇంకా ఏమేం ఉన్నాయో అన్న ఆశ నన్ను కూర్చోనివ్వలేదు. బాడిస సంచిలో వేసుకుని బండెక్కాను.

తలుపు తీసిన ఆమెకు బాడిస చూపించగానే ముఖం పాలిపోయింది.

"సంచిల పెట్టుండ్రి అన్నా," అని గుసగుసగా అంది. "మా మామది. కండ్లు మొత్తం పోయినయ్. అయినా చెక్కుడు ఆపకపోయె. కాలి మీద ఏసుకున్నడు. అందుకే భంగార్ల ఏసినం. దొంగలు ఎత్తుకపోయిన్రని చెప్పినం."

"ఎవలే అది?" అని లోపలి నుంచి కేక. అప్పుడే పారిపోవాల్సింది. ఆ బుద్ధి పుట్టలేదు.

పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. తెలంగాణ నుంచి వచ్చి బొగ్గుబాయిలో వడ్రంగిగా బతికినవాడు. పాత పనిముట్లు పోగుచేస్తానని చెప్పగానే ముఖం విప్పారింది.

"గట్లయితే నా బాడిస యాడన్న కనవడ్తదేమో సూడు బిడ్డా. గుర్తువట్టుడు అల్కనే. నీ కుడిచేతికి రాదది."

సంచి నా ఒళ్లోనే ఉంది. కోడలు గుమ్మంలో నిలబడి నాకు దండం పెట్టింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన చీలమండ మీద గాయం మచ్చ కనిపిస్తోంది. తీసి ఇచ్చెయ్యాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"చూస్తా కాకా," అన్నాను. అంతకంటే నాకు చేతకాలేదు.

ఆయన దిండు కింద తడిమి నూరే రాయి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది తీస్కపో. దొర్కినంక నూరి తే. మొండిది పట్ట నేను."

వద్దంటే ఎందుకని అడుగుతాడు. తెచ్చుకున్నాను. ఇప్పుడు రాయీ బాడిసా మా ఇంట్లో ఒకే అరలో ఉన్నాయి.

అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. కోడలే నంబర్ కలిపి ఇస్తుంది.

"దొర్కిందా బిడ్డా?"

"ఇంకా లేదు కాకా."

"జర జల్ది సూడు. ఆనకు తడిస్తె తుప్పు పడ్తది."

ఫోన్ పెట్టేశాక ఏడుపొస్తుంది. బాడిస తీసి ఆయన రాయి మీదే నూరుతాను, కుడిచేత్తో, వంకరటింకరగా. పదును బాగానే వచ్చింది. ఏం చేసుకోను?