ఇంగ్లండు దారులు గీసిన టీచరమ్మ

మా భూగోళం టీచరమ్మ పోయారన్న సంగతి నాకు మోండా మార్కెట్‌లో తెలిసింది. తోటకూర కట్టలు ఏరుతుంటే, ఒకప్పుడు నాతో చదువుకున్నామె భుజం తట్టి, "నీకింకా ఖబర్ అందలేదా? టీచరమ్మ పొద్దుగాల పోయింది. నాలుగింటికి సమాధి చేస్తరట" అంది. సంచీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

సమాధి దగ్గర మా బడి కమిటీ పెద్ద మాట్లాడాడు. "ఆపదలో ఉన్నవారి కోసం ప్రాణానికి తెగించిన ధన్యురాలు" అన్నాడు, రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు. ఏడేళ్ళ కిందట ఆ పని చేసినందుకే ఆమెను శిక్షించింది ఈయన. ఆయన వెనక తలలూపుతున్న టీచర్లంతా అప్పట్లో ఆమె మీద రాసిన ఉత్తరంలో సంతకాలు పెట్టినవాళ్ళు. వాళ్ళను చూస్తే రోత పుట్టింది. ఆ సంతకాల్లో నాది కూడా ఉంది. హైదరాబాదు రాష్ట్రం ఉంటుందా పోతుందా అని అందరూ వాదించుకుంటున్న ఈ రోజుల్లో ఒక టీచరమ్మ కథ ఎవరికి కావాలో తెలియదు. అయినా రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

ఆమెది బందరు వైపు. యుద్ధానికి ముందు మిషన్ వాళ్ళు టీచరు శిక్షణకని ఒక ఏడాది ఇంగ్లండు పంపారు. అక్కడ ఒక చిన్న ఊళ్ళో ఉండి, సైకిలు నేర్చుకుని, ప్రతి శనివారం ఒక దారిన వెళ్ళి ఇంకో దారిన తిరిగొచ్చేవారట. ఆఖరి శనివారం కోసం గీసుకున్న దారి మాత్రం వాన వల్ల తొక్కలేకపోయారు. ఆ పటం వెంట తెచ్చుకున్నారు. ఏటా ఒక వారం రెండు బల్లలు కలిపి, దాన్ని పరిచి, మూలల్లో సిరాబుడ్లు పెట్టి, ఒక్క రోజులో తిరిగొచ్చే దారి మా చేత గీయించేవారు. పొద్దున తొమ్మిదికి బయలుదేరాలి. వాగు దాటి, పొలాల మధ్య నుంచి, మధ్యాహ్నానికి గొర్రెల సంత జరిగే ఊరు చేరాలి. అక్కడ రొట్టె, చీజు. మూడింటికి ఇంకో సంత ఊళ్ళో టీ. దీపాలు పెట్టేలోపు ఇల్లు.

"చీజంటే ఏందీ టీచర్?" అని అడిగింది ఒక పిల్ల.

"పాలు పాడైతే పారబోయకుండా దాచుకునేది" అన్నారు. తరగతంతా ముక్కులు మూసుకుంది.

ఎవరైనా గొప్పకు అరవై మైళ్ళ దారి గీస్తే కొట్టేసేవారు. "గట్టిగా తొక్కేవాళ్ళ కోసం దారి వెయ్యకండి. అందరికంటే వెనకబడే పిల్ల కోసం వెయ్యండి" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు: "ఎదురుగాలిని పొద్దున్నే ఎదుర్కోండి. సాయంత్రానికి కాళ్ళలో సత్తువ ఉండదు."

నాకు సైకిలు నేర్పింది ఆమే. చదువు ముగిశాక అదే బడిలో చిన్న టీచరుగా చేరాను. పోలీసు చర్య జరిగింది ఆ ఏడే.

రెజిమెంటల్ బజార్‌లో మా సైకిళ్ళు బాగుచేసే ఆయన తెలుగు మాట్లాడే ముస్లిం. మాటకారి. పోలీసు చర్య అయిన పది రోజులకు మేమిద్దరం పంక్చరు వేయించుకోవడానికి వెళితే నోరు విప్పలేదు. టీచరమ్మ వదల్లేదు.

"ఏమైంది భాయ్?"

"మా అక్క ఖబర్ లేదు టీచరమ్మా. బొల్లారం అవతల సంత ఊర్ల ఉంటది. బస్సులు బందైనయి. నేను పోదామంటే, గడ్డం చూస్తే తొవ్వలనే ఖతం చేస్తరంటున్నరు."

ఆమె అతని దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, షాపు గచ్చు మీద గీయడం మొదలుపెట్టారు. వెళ్ళేటప్పుడు పెద్ద రోడ్డు, వచ్చేటప్పుడు చెరువుగట్ల దారి. "పొద్దున చూసిన కళ్ళు సాయంత్రం మనల్ని చూడకూడదు" అన్నారు.

మర్నాడు ఈ సంగతి టీచర్ల గదిలో తెలిసిపోయింది. "మొన్నటిదాకా రజాకార్లు మనల్ని ఏడిపించలేదా? ఇప్పుడు వాళ్ళ వంతు" అన్నాడు తెలుగు మాస్టారు. మా మేనమామ ఇల్లు రజాకార్లు తగలబెట్టిన మాట నిజమే.

"తగలబెట్టినవాణ్ణి పట్టుకోండి మాస్టారూ. ఈయన మన ట్యూబులకు అతుకులు వేశాడు, అంతే కదా" అన్నారు టీచరమ్మ.

శనివారం సీతాఫల్‌మండిలో మా ఇంట్లో చర్చి పని అని చెప్పి, నా సైకిలు మీద టీచరమ్మతో బయలుదేరాను. దారంతా ఎదురుగాలి. ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆరోజు సంత. మిరపకాయలు, మేకలు, గాజులు, బేరాలు, నవ్వులు. షాపాయన చెప్పిన గుర్తులతో వెళితే ఇల్లు దొరికింది. తలుపు లేదు. దర్వాజా చెక్కలు కూడా ఊడదీసుకుపోయారు. తిరిగి సంతలోకి వస్తే ఆ తలుపులు, మంచాలు, రాగి పాత్రలు అక్కడే అమ్ముతున్నారు. ఒక బిందె అంచు మీద ఉర్దూలో పేరు చెక్కి ఉంది. అది షాపాయన బావ పేరు.

"ఈ బిందె ఎవరిదమ్మా?" అని టీచరమ్మ అడిగారు.

"ఎవలదైతేంది, గిప్పుడు నాది. తీస్కోండ్రి, అగ్గువకిస్త" అంది అమ్మే మనిషి, మెటికతో దాన్ని టంగుమనిపిస్తూ.

పక్కన ఇంకొకామె నిజంగానే దాని బరువు చూస్తోంది. నేను మేకల వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను. ఇన్నేళ్ళయినా రాగి బిందె మోగితే నాకు ఆ పుల్లటి నోరే గుర్తొస్తుంది.

మమ్మల్ని గమనిస్తున్న ఒక చాకలి ముసలామె దగ్గరికి వచ్చింది. "ఇంటాయనను బాయి కాడికి తీస్కపోయిండ్రు. మళ్ళ రాలే. తల్లీబిడ్డ నా ఇంట్ల ఉన్నరు. మెల్లగ రాండ్రి" అని గొణిగింది. మాసిన బట్టల మూటల వెనక అక్క, ఆమె పదేళ్ళ కూతురు కూర్చుని ఉన్నారు. ఆ ఊళ్ళో ఆరోజు నాకు మనుషుల్లా కనబడింది ఆ ముగ్గురే.

టీచరమ్మ తన సంచీలోంచి తెల్లచీర తీసి అక్కకు కట్టారు. ఆమెను తన సైకిలు వెనక, పిల్లను నా వెనక ఎక్కించారు. ప్రతి రెండు మైళ్ళకూ ఆగాం. బురద, గుంతలు. గాలి మాత్రం ఇప్పుడు వెనక నుంచే. బొల్లారం దగ్గర ఒక సిపాయి ఆపి, వీళ్ళెవరని హిందీలో అడిగాడు.

"మా బడి ఆయా, ఆమె కూతురు" అన్నారు టీచరమ్మ, రెప్ప వేయకుండా.

కొంత దూరం వచ్చాక, "టీచర్, మీరు అబద్ధం చెప్పారు" అన్నాను.

"చెప్పాను. దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాలే. నువ్వు గుంతలు చూసి తొక్కు."

షాపు ముందు దిగిన అక్క కాళ్ళు మొద్దుబారి నిలబడలేకపోయింది. తమ్ముడు కూజాలో నీళ్ళు తెచ్చి ఆమె పాదాల బురద కడిగాడు. ఎంతసేపు కడిగాడో.

టీచర్ల గదిలో అడిగితే టీచరమ్మ ఏదీ దాచలేదు. పది రోజుల్లో కమిటీకి ఉత్తరం తయారైంది. సిపాయికి అబద్ధం చెప్పిందనీ, పెళ్ళికాని టీచరును ప్రమాదంలోకి ఈడ్చిందనీ, బడి పేరు చెడగొట్టిందనీ అందులో రాశారు. "ఉద్యోగం పోతే మన గతేమిటి?" అన్నాడు మా నాన్న. ఏడో సంతకం నాది. ఈడ్చుకెళ్ళబడిన ఆ టీచరును నేనే. నేనే ఆ మాట నిజమని సంతకం పెట్టాను. కమిటీ ఆమె దగ్గర భూగోళం తీసేసుకుని, అక్షరాలు దిద్దించే తరగతికి పంపింది.

మర్నాడు వరండాలో ఎదురుపడితే పక్కకు తప్పుకోబోయాను. ఆమే అన్నారు: "నీ పేరు చూశాను. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది."

"కోపం రాలేదా టీచర్?"

"వచ్చింది. అసహ్యం కూడా వేసింది. నీ సైకిలు చెయిను వదులైంది, సాయంత్రం తీసుకురా, బిగిద్దాం."

సాయంత్రం వెళ్ళాను. చేతులకు నల్లటి జిడ్డు అంటించుకుని బిగించి ఇచ్చారు. ఆ తర్వాత ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఉత్తరం మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా మీద నాకున్న రోత కొంతయినా తీరేది. ఆమె నేర్పిన దానికి, బిగించిన దానికి కృతజ్ఞత చెప్పాలని ఎన్నోసార్లు అనుకుని, ఏ మొహంతో చెప్పను అని ఆగిపోయాను.

సమాధి చేసిన మర్నాడు పొద్దున ఒంటరిగా మళ్ళీ వెళ్ళాను. సమాధుల తోట గేటు బయట ఇద్దరు బురఖాల్లో నిలబడి ఉన్నారు. షాపాయన అక్క, ఇప్పుడు పదిహేడేళ్ళున్న ఆమె కూతురు.

"మమ్మల్ని లోపలికి రానిస్తరా?" అని అడిగింది అక్క.

"రండి" అన్నాను. రెండడుగులు వేశాక ఆగి, "అక్కా, టీచరమ్మ మీద ఉత్తరం రాశారే, అందులో నేను కూడా సంతకం పెట్టాను" అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. "ఎరుకే" అంది. "నా బిడ్డను సైకిల్ మీద తెచ్చింది సుత నువ్వే. రెండూ ఎరుకే."

కమిటీ వేసిన పెద్ద దండ సమాధినంతా కప్పేసి ఉంది. బంగారు రంగు రిబ్బను మీద వాళ్ళ పేర్లు. రాత్రంతా మగ్గి పూలు కమిలి, ఈగలు ముసురుతున్నాయి. తల్లీకూతుళ్ళు చెరో వైపు పట్టుకుని దాన్ని ఎత్తి పక్కన పెట్టారు. కింద మట్టి ఇంకా తడిగా ఉంది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ దాని మీద ఆన్చింది. చాలాసేపు అలాగే ఉంచింది.