పద్నాలుగో పేలుడు

నలుగురూ వెళ్ళే చోటికి వెళ్ళడం నాకు మొదటినుంచీ చేతకాదు. సెలవులొస్తే మా తోటి టీచర్లు అరకు అంటారు, ఊటీ అంటారు. నేనేమో వీరులపాడు దాటాక ఎండలో ఓ గుట్ట ఎక్కి, ఎప్పుడో దేశాన్ని కొలిచిన సర్వే వాళ్ళు చెక్కి వదిలేసిన గుర్తురాయిని చూసి, దాని పక్కనే కూర్చుని పులిహోర తిని దిగివస్తాను. నందిగామ దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పీ చెప్పీ పట్టిన జబ్బు ఇది అంటారు మావారు. అనేవారే గానీ బండి తీసేదీ ఆయనే. "ఓ రాయి చూడ్డానికి ఇంత పెట్రోలా?" అని దారి పొడవునా సణిగి, తీరా వెళ్ళాక నాకంటే ఎక్కువసేపు చూసేవారు.

ఆయన జగ్గయ్యపేట అవతల ఓ చిన్న సున్నపురాయి క్వారీలో బ్లాస్టరుగా చేశారు. రాతిలో డ్రిల్లు వేసిన రంధ్రాల్లో మందు కూరడం, వత్తులు ముట్టించడం, పరిగెత్తి వచ్చి దాక్కోవడం, దాక్కుని లెక్కపెట్టడం. ఆ లెక్కే అసలు పని. పద్నాలుగు ముట్టిస్తే పద్నాలుగు వినపడాలి. ఒక్కటి తగ్గినా రాతిలో పేలని మందు మిగిలిందని అర్థం. అప్పుడు ఎర్రజెండా పాతి, పురుగును కూడా అటు పోనివ్వకూడదు. అలా ముప్పై ఏళ్ళు విని విని చెవులు పోగొట్టుకున్నారు.

చెవులు పోతే లైసెన్సూ పోతుంది. ఏటా ఒక పరీక్ష ఉండేది. డాక్టరు ఈయన వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెబితే ఈయన తిరిగి చెప్పాలి. ఆఖరి రెండేళ్ళూ నేను తోడు వెళ్ళి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. డాక్టరు గొంతు వినపడగానే నేను పెదాలు కదిపేదాన్ని. ఏడు. పంతొమ్మిది. నలభై రెండు. ఈయన టకటకా అప్పజెప్పేవారు. సైన్సు టీచర్ని, నేను చేసిన ఘనకార్యం అది. ఇంటికొచ్చి ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం కూడా.

క్వారీలో పేలుళ్ళు రోజూ సాయంత్రం నాలుగింటికి. ఆ పక్క ఊళ్ళోనే మా వదిన, అంటే మావారి అక్కగారు, ఉంటుంది. అక్కడి ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. నాలుగు కావస్తుంటే ఏ పనిలో ఉన్నా లేచి, గోడకున్న గిన్నెల స్టాండు మీద అరచెయ్యి ఆనించి నిలబడతారు, గిన్నెలు రాలకుండా. మాటలు ఆపరు. కూర గురించో కోడలి గురించో చెబుతూనే చెయ్యి పెడతారు, అదిరిపోయాక తీస్తారు.

రాయి అయిపోయిందని క్వారీ మూసేశారు. మూడు వానాకాలాలకి గుంత నిండా నీళ్ళు చేరాయి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక వదిన ఇంటికి భోజనానికి వెళ్ళాం. సాయంత్రం వదిన నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్ళి స్టాండు మీద చెయ్యి పెట్టింది. కిటికీలోంచి చూస్తే పక్కింటామె, ఆ పక్కావిడ, అందరూ అలాగే గోడల దగ్గర నిలబడి ఉన్నారు. ఏ శబ్దమూ లేదు. కాసేపటికి అందరూ ఒక్కసారే చేతులు తీసేశారు.

"వదినా, క్వారీ లేదు కదా!" అన్నాను.

"లేదులే. చెయ్యి ఊరుకోదమ్మా," అంది.

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. ఎందుకంటే క్వారీకి ఇటుపక్క ఊళ్ళో ఉన్న మా ఇంట్లోనూ అదే జరుగుతోంది. మావారు రోజూ నాలుగింటికి బియ్యం డబ్బా మీద చెయ్యి పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, "పేలింది," అంటారు. నాకేమీ తెలిసేది కాదు. ఒకరోజు గచ్చు మీద పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, పక్కన బోర్లా పడుకుని చూశాను. నీళ్ళు కదల్లేదు. ఆయన మాత్రం, "పేలింది," అన్నారు.

ఇక నేను చేసిన ఇంకో ఘనకార్యం చెప్పాలి. ఆ క్వారీ గోడలో ఒకచోట రాయి అడ్డంగా తెగి, లోపల ఉల్లిపాయ కోసినట్టు చుట్లు చుట్లుగా కనిపిస్తుంది. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతులేని సముద్రముండేదనీ, అందులో పొరలు పొరలుగా పెరిగిన నాచే అలా రాయైందనీ చదువుకున్నాను. భూమ్మీద తొలినాటి ప్రాణం మా ఊరి పక్కన ఉందంటే నేను ఆగుతానా? ఆ రాతి మెట్టు మీద కూర్చుని, కింద ఆకుపచ్చ నీళ్ళతో సహా ఫోటోలు తీసి ఫోన్లో అందరికీ పంపాను. అవి ఎక్కడెక్కడికో పోయాయి. విజయవాడ నుంచి, ఖమ్మం నుంచి జనం రావడం మొదలుపెట్టారు. మావారు మాత్రం రాయిని చూడ్డానికి రాలేదు. ఎన్నిసార్లు పిలిచినా రోడ్డు మీదే ఆగిపోయేవారు. నా పిచ్చికి విసిగిపోయారనుకున్నాను.

అలా ఉండగా ఒక ఉదయం నిజంగానే భూమి అదిరింది. కప్పులో టీ తొణికింది. మా వీధిలో ఒక్కరంటే ఒక్కరు బయటికి పరిగెత్తలేదు. "ఇవాళ క్వారీవాళ్ళు పొద్దున్నే పెట్టారేంటి?" అనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మూడేళ్ళుగా లేని క్వారీ! నేనూ గడియారం వంక చూశాను తప్ప గుమ్మం వంక చూడలేదు. తర్వాత టీవీలో చూస్తే అది భూకంపమట.

మావారు మాత్రం, "ఇది మనది కాదు," అన్నారు. "మనది నాలుగింటికే."

ఈయన తలలో ఏదో చెదురుతోందని నాకు భయం పట్టుకుంది. చందర్లపాడు దాటాక కృష్ణా నది వైపు భూకంపాల్ని నమోదు చేసే ఒక గది ఉంది. ఎప్పటినుంచో చూడాలని నా కోరిక. అనుమతి సంపాదించాను. భూమి నాలుగింటికి కదులుతోందో లేదో యంత్రమే చెబుతుంది, మావారి సంగతీ తేలిపోతుంది అనుకున్నాను. చెవులు పోయాక ఆయన బండి మానేశారు. పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేటల మధ్య తిరిగే ఒక ఆటో భాయ్ మాకు అలవాటు. "టీచరు గారూ, ఈసారి ఏ రాయండీ?" అని నవ్వుతూ ఎక్కించుకున్నాడు.

పత్తిచేల మధ్య ఒంటరి గది అది. లోపల చల్లగా ఉంది. యంత్రం నేలలో దిగవేసి ఉందట, పైన ఒక కంప్యూటరు, దాని మీద సన్నటి పచ్చగీత. గుమ్మంలో నేను అడుగు వేయగానే ఆ గీత ఉలిక్కిపడింది. "అది మీరే మేడం," అన్నాడు అక్కడి ఇన్‌ఛార్జి. ఆ తర్వాత నేను కదలకుండా నిలబడ్డాను. మన అడుగుల్ని ఎవరో ఎక్కడో రాసిపెడుతున్నారంటే ఎలాగో అనిపించింది.

నేను రాసుకొచ్చిన రోజులన్నీ ఆయన ఓపిగ్గా తీసి చూపించాడు. "నాలుగింటికి ఏ రోజూ ఏమీ లేదు మేడం. గీత తిన్నగానే ఉంది."

అది పలక మీద రాసి మావారికి చూపించాను. మా మాటలన్నీ పలక మీదే. నా సంచిలో పలకా సుద్దముక్కా ఎప్పుడూ ఉంటాయి.

"అయితే నా తలకాయలో పేలుతోందన్నమాట," అని గట్టిగా నవ్వారు. లేస్తారనుకున్నాను. లేవలేదు. "ఓ పాతది చూపిస్తారా అండీ?" అని ఇన్‌ఛార్జిని అడిగారు. ఒక తేదీ చెప్పారు. క్వారీ ఆఖరి రోజు అది.

ఎందుకని పలక మీద రాశాను. ఆయన నేల చూపులు చూస్తూ, ఆ గదంతా వినపడేలా చెప్పారు. "ఆ రోజు పద్నాలుగు ముట్టించా. నాకు ఒక్కటీ వినపళ్ళా. కాళ్ళతో లెక్కపెట్టా. పదమూడో, పద్నాలుగో తెలీలా. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. అన్నీ పేలినయ్యన్నా."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పేలనిదేదైనా ఉంటే అది ఆ చుట్లరాయి ఉన్న మెట్టులోనే ఉండాలి, ఆఖరిగా తవ్వింది అక్కడే. నేను కూర్చుని ఫోటోలు తీసింది దాని మీదే. జనాన్ని పిలిచిందీ దాని మీదికే. లైసెన్సు పోకుండా పెదాలు కదిపిందీ నేనే. 

తెర మీద ఆ రోజు నాలుగింటి నమోదు వచ్చింది. గీత మీద వరసగా ముళ్ళు. "నాకంత చిన్నవి ఆనవు, నువ్వు చూడు," అన్నారు మావారు. నేను వేలు పెట్టి గొణుక్కుంటూ లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. మూడోసారీ పెట్టాను. పదమూడు.

"రెండు ఒకేసారి పేలితే ఒకటిగానే పడుతుంది మేడం. కచ్చితంగా చెప్పలేం," అన్నాడు ఇన్‌ఛార్జి.

పలక మీద ఒకటి వేసి ఆగాను. పక్కన ఏ అంకె వేసినా ఆయన నమ్ముతారు. ఆయనకి లోకమంతా నా సుద్దముక్క చివరే ఉంది. ఆ మొహం చూస్తే నా వల్ల కాలేదు. నాలుగు వేశాను.

ఆయన పలకని చాలాసేపు చూశారు. అరచేత్తో తుడిచేసి, "సరే, పద," అన్నారు.

ఆ మర్నాటి నుంచి నాలుగింటికి ఆయన బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి నిద్రపోయేవారు. ఒక అంకెతో మనిషి బాగుపడ్డాడని సంతోషించాల్సింది పోయి నాకు తిండి సయించడం మానేసింది. పంపిన ఫోటోలన్నీ ఫోన్లోంచి తీసేశాను. తీసేస్తే ఏం లాభం? వారం తిరక్కుండా ఎవరో పంపిన వీడియోలో ఒక కుటుంబం ఆ మెట్టు మీదే దుప్పటి పరిచి టిఫిన్ డబ్బాలు విప్పుతోంది. ఒకాయన స్టవ్ కూడా తెచ్చాడు.

మర్నాడే గనుల ఆఫీసుకి వెళ్ళాను. జరిగింది మొత్తం రాసి, చెవుల పరీక్ష సంగతితో సహా, కింద సంతకం పెట్టి ఇచ్చాను. రేపు పిలిస్తే ఏం చెప్పాల్సొస్తుందో ఆలోచించలేదు. మావారికి చెప్పలేదు. చెబితే పలక మీద నేను వేసిన నాలుగు సంగతీ చెప్పాలి. నెల్లాళ్ళలో గుంత చుట్టూ ముళ్ళకంచె వేశారని వదిన ఫోన్ చేసింది. ఆ మెట్టులో ఉన్న రంధ్రం సంగతి తేల్చేదాకా అటు ఎవరూ వెళ్ళకూడదట.

అటు తర్వాత క్వారీ దారి తప్పించి తిరిగాను. మొన్న ఆదివారం వదిన ఇంటి నుంచి వస్తుంటే మాత్రం మావారు ఆటో భాయ్ భుజం తట్టి, చెయ్యి అటు చూపించారు. నేను తల అడ్డంగా ఊపేలోపే అతను తిప్పేశాడు.

గుంత దగ్గర ఎవరూ లేరు. గాలి కూడా లేదు. నీళ్ళు ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నట్టున్నాయి. ఎదుటి గోడ మీద పాత డ్రిల్లు గాట్లు నిలువునా నీళ్ళలోకి దిగిపోయాయి. కంచె మీద ఎర్రబోర్డు. "ప్రమాదం. పేలని మందు ఉండవచ్చు. ప్రవేశం లేదు." ఆయన దాన్ని పై నుంచి కింది దాకా చదివారు. నేను పలక కోసం సంచిలో చెయ్యి పెట్టాను.

"నువ్వేనా చెప్పింది?" అన్నారు. చెవులు పోయాక ఆయన అంత మెల్లిగా మాట్లాడటం అదే మొదటిసారి.

తల ఊపాను. ఏడుపు ఆగలేదు.

"మంచి పని చేసావు. నేను చెయ్యాల్సింది," అన్నారు. బోర్డు మీంచి చూపు తిప్పి, "పదమూడని నాకు ఆ యంత్రం గదిలోనే తెలుసు," అన్నారు.

"ఎలా?" అని రాశాను.

"నువ్వు లెక్కపెడుతుంటే నీ పెదాలు చూసా. మూడు సార్లూ పదమూడు దగ్గరే ఆగావు. అంకెల మటుకు నీ పెదాలు నాకు బాగా వచ్చు కదా."

"మరి రోజూ నాలుగింటికి నిద్రపోతున్నారే?" అని రాశాను.

"నిద్దరా పాడా! నువ్వు పద్నాలుగని రాసింది నాకోసం కదా. నేను నిద్దరపోతుంటే నువ్వు స్థిమితపడతావనుకున్నా. పేలుతూనే ఉంది, రోజూ, ఆ మిగిలిన ఒక్కటి."

ఆటో భాయ్ దూరంగా చూస్తూ నిలబడ్డాడు. అవతల ఊళ్ళో ఏ ఇంట్లోంచీ చప్పుడు లేదు. నాలుగు కావస్తోంది. వదినా, పక్కింటామె, అందరూ ఈపాటికి స్టాండ్ల మీద చేతులు పెట్టి ఉంటారు. మావారు చెప్పులు విడిచి మట్టి మీద నిలబడ్డారు. నేనూ విడిచాను. కంచె కర్ర మీద చెయ్యి ఆనించాను, ఎందుకో తెలియకుండానే. నీళ్ళు కదల్లేదు. పచ్చగీత కూడా కదిలి ఉండదు.

ఆయన నా వైపు తిరిగి ఒక వేలు ఎత్తి చూపించారు.

నేను కూడా ఒక వేలే చూపించాను.