పూజకు పెట్టని ఆకురాయి

ఇవాళ పొద్దున్న కత్తిపీటకు పదును పెడుతుంటే ఆకురాయి కింద ఇనుప రజను రాలి, దాంతోపాటే వాసన లేచింది. అది మా నాన్న చొక్కా వాసన. అమ్మ ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు.

విజయనగరం నుంచి చీపురుపల్లి వెళ్లే దారిలో ఇప్పుడు పెద్ద పెద్ద మేడలతో కనిపించే విశ్వవిద్యాలయం, అరవైల చివర్లో, నాకు పదేళ్లప్పుడు, రెండు రేకుల షెడ్ల టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. వానొస్తే రేకుల మోతకు పాఠం వినపడేది కాదు, ఎండాకాలం లోపల నిలబడలేకపోయేవారు. అక్కడ నాన్న ఫిట్టింగు మేస్త్రి. చదివింది ఐదో తరగతి. కొత్త కుర్రాళ్లకు ఒక ఇనుప ముక్కా ఒక ఆకురాయీ ఇచ్చి, ఆరు వైపులా సమంగా వచ్చేదాకా నెల్లాళ్లు అరగదీయించేవాడు.

దసరా నవమికి షెడ్డంతా కడిగి, లేతు మిషన్లకు గంధం, కుంకుమ, బంతిపూల దండలు పెట్టి, సుత్తులూ ఆకురాళ్లూ అరిటాకుల మీద పేర్చి గుమ్మడికాయ కొట్టేవారు. పిల్లలమైన మాకు దోసిళ్లనిండా సెనగ గుగ్గిళ్లు. పూజకు పెట్టిన పనిముట్టును మూడు రోజులు ఎవరూ ముట్టకూడదన్నది నాన్న నియమం.

ఆ ఏడాది డిప్లొమా కోర్సులకు గుర్తింపు రావాలి. రాకపోతే ఇన్‌స్టిట్యూట్ మూసేస్తారు, మేం క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి. పైఊరి నుంచి వచ్చిన కొత్త ప్రిన్సిపాల్ గారు సెలవుల పట్టీ ఒక్కటే చూసుకుని, దశమి మర్నాడే అధికారుల్ని రమ్మన్నారు. వాళ్లు వచ్చి లేతు నడిపి చూపించమంటే నాన్న చేతులు కట్టుకున్నాడు.

"దేవుడి ముందెట్టిందాన్ని ఎలాగ ముడతానండి? ఉజ్జోగం పోతే పోనీండి."

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ నేను ఏడుస్తూ ఇంటికి పరిగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ కంగారు పడలేదు. కత్తిపీట పక్కనున్న పాత ఆకురాయి తీసి నా చేతిలో పెట్టింది.

"దీనికి పూజ సెయ్యలేదని సెప్పు. మొండోడు, దీన్నయినా ముడతాడేమో సూద్దాం."

నాన్న ముట్టాడు. ఇనుప ముక్కను బిగించే వైసు కూడా పూజలోనే ఉంది కాబట్టి మెట్టుమీద కూర్చుని, ముక్కను కాలివేళ్ల మధ్య నొక్కిపట్టి గంటసేపు అరగదీశాడు. పెద్ద అధికారి జేబులోంచి స్టీలు స్కేలు తీసి ముక్కకు ఆనించి వెలుతురులో చూశాడు. రెంటి మధ్య ఎక్కడా వెలుగు రాలేదు, అంత సమంగా ఉంది.

"మనిషిని చూశాం, మిషన్లు రేపు చూస్తాం" అని ఆ పూట విజయనగరంలో ఆగిపోయారు.

గుర్తింపు వచ్చింది. దాంతోపాటే పాఠం చెప్పేవాళ్లకు డిప్లొమా ఉండాలన్న నిబంధనా వచ్చింది. నాన్నను స్టోర్సులోకి మార్చారు. రిటైరయ్యేదాకా కుర్రాళ్లకు ఆకురాళ్లు అందిస్తూ కూర్చున్నాడు. దాన్ని ఒక్కనాడూ తప్పుపట్టలేదు. నాకు మాత్రం ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

షెడ్లు ఎప్పుడో పడగొట్టారు. విశ్వవిద్యాలయం వాళ్లు వేసిన చరిత్ర పుస్తకంలో ప్రిన్సిపాల్ గారి ఫొటో ఉంది, అధికారుల ఫొటో ఉంది, నాన్న పేరు లేదు. పోయిన నెల ఇద్దరు లెక్చరర్లు వచ్చి, ఆనాటి వస్తువులతో ప్రదర్శన పెడుతున్నాం, ఆకురాయి ఇస్తారా అని మర్యాదగా అడిగారు. అద్దాల పెట్టెలో పెట్టి, ఎవరూ ముట్టకుండా చూసుకుంటారట.

ఏ పనిముట్టునైనా నాన్న ముట్టకుండా ఉంచింది మూడు రోజులే. ఇవ్వనని చెప్పేశాను. ఇంట్లో కత్తిపీటకు పని ఉంది.