జ్వరం దిగిన రోజు సాయిలు

బేగంబజార్ హమాలీలు జ్వరమొస్తే పడుకోరు. నొప్పుల గోళీ ఒకటి వేసుకుని బస్తాలెత్తుతారు. చెమట పడితే జ్వరం అందులోనే కొట్టుకుపోతుందని వాళ్ల నమ్మకం. పెళ్లి కాకముందే పాలమూరు నుంచి వచ్చి తోపుడుబండి పట్టిన సాయిలు నేర్చుకున్న మొదటి వైద్యం అదే. పచ్చి మూర్ఖత్వం. కానీ ఇన్నేళ్లూ పనిచేసింది, లేదా పనిచేసినట్టు కనిపించింది.

ఛత్రినాకలో ఆయన గదికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయన మెడ వెనక బస్తా ఆనే చోట చర్మం మడమలా గట్టిపడింది. సాయంత్రం బస్సు దిగి వచ్చి గడప మీద కూలబడితే, చెప్పులు విప్పడానికి కూడా ఓపిక ఉండదు. భార్య స్వరూప మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం కంటే నిట్టూర్చడం ఎక్కువ.

బండికి ముందు కాడి పట్టి లాగేది సాయిలు, వెనక నుంచి తోసేది రామలింగం. వాళ్ల జట్టులో జోడీని విడదీయరు, ఒకడు రాకపోతే ఇంకొకడిని అతికించరు. రెండోవాడు బండి ఒక్కడే తోసుకోవాలి. రామలింగం ముసలివాడు, కుడి మోకాలు ఎప్పుడూ వాచే ఉంటుంది. సాయిలు జ్వరంతో పనికి పోయేది గోళీ మీద నమ్మకంతో కాదు, ఆ మోకాలు గుర్తొచ్చి.

మొన్న వానల్లో జ్వరం గోళీకి లొంగలేదు. స్వరూప బలవంతాన బస్తీ దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి నర్సు స్వీటీ మా వెనక గల్లీ పిల్లే. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది.

"తెల్ల కణాలు మస్తు తగ్గినయి కాకా. పనికి పోవద్దు," అంది.

"తెల్ల కణాలేంది బిడ్డా?"

"రక్తంల ఉంటయి. నీ జట్టోళ్ల లెక్కనే, ఒక్కొక్కలకు ఒక్కొక్క పని. కొన్ని ముందుగాల ఉరికొచ్చి వైరస్‌ను మింగుతయి. అది తప్పించుకొని మన కణంల జొరబడి, ఆడనే తనసుంటియి ఇంకిన్ని తయారు జేస్తది. గట్ల చెడిన కణాన్ని దేవులాడి చంపేటియి ఇంకొన్ని. మరికొన్ని వైరస్‌ను అతుక్కునే పదార్థం తయారు జేస్తయి, అది ఇంకో కణంల జొరకుండ."

"గంతమంది ఉంటే జ్వరమెందుకొచ్చె?"

"అవి కొట్లాడుతున్నయి గనకనే జ్వరం. ఒళ్లే వేడి పెంచుకుంటది."

"మరి తగ్గినయంటివి."

"అవి ఎముకల మూలుగల తయారైతయి. డెంగీ ఆ పనిని కొన్ని దినాలు మందం జేస్తది. మళ్ల పెరుగుతయి. అందాక గంజి తాగు, నీళ్లు తాగు, పండుకో. నొప్పుల గోళీ ముట్టకు, రక్తం కారుతది. ఇంకోటి ఇను. జ్వరం దిగినంకనే అసలు భయం. రక్తనాళాలకెళ్లి నీళ్లు బయటికి ఊరుతయి. కడుపు నొచ్చినా, చేతులు సల్లబడినా పెద్ద దవాఖానకు ఉరుకు."

సాయిలు అంతా విని, బయటికొచ్చాక స్వరూపతో అన్నాడు: "లోపలోళ్లు పనిల ఉన్నరంట. బయటోన్ని నేను పండుకోవాలెనంట."

అయినా పడుకున్నాడు. లేచే శక్తి లేక. గోడ ఇవతలికి మూలుగు వినిపించేది. ఒక పొద్దున అది ఆగిపోయింది. ఒళ్లంతా చెమట, నుదురు చల్లగా ఉంది. స్వరూప నీళ్లకు పోయి వచ్చేసరికి మంచం ఖాళీ. చెమట పట్టింది గదా అనుకుని ఆయన బస్సెక్కేశాడు.

బజారులో రామలింగం ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు.

"గింత సల్లగున్నదేందిరా?"

"జ్వరం దిగిందన్నా."

"పీనుగకు గూడ జ్వరముండదు. ఇంటికి పో."

"నీ మోకాలు..."

"నా మోకాలు నీకు చెప్పిందా?"

సాయిలు నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. కాడి కింద పడింది, పక్కనే ఆయనా కూర్చుండిపోయాడు. రామలింగం శెనగల బస్తాలు దించేసి, ఖాళీ గోనెలు పరిచి, ఆయన్ని బండి మీద పడుకోబెట్టి నయాపూల్ దగ్గరి పెద్ద దవాఖాన వైపు తోశాడు. ఆటోల మధ్య, బురదలో, ఒక్కడే. ప్రతి గతుకు దగ్గరా ఆగి మోకాలు రుద్దుకుంటూ.

"నేను దిగి నడుస్త లింగన్నా."

"మూసుకొని పండుకో. బస్తాలు మాట్లాడవు."

ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో పెద్ద దవాఖాన డాక్టరు స్వరూపకు మొహమాటం లేకుండానే చెప్పాడు. సెలైన్లు ఎక్కుతూనే ఉన్నాయి. రోజూ రక్తం తీశారు. తెల్ల కణాలు ఇంకా తగ్గి, కొన్నాళ్లు అక్కడే నిలబడి, చివరికి మెల్లగా పెరిగాయి. స్వీటీ డ్యూటీ దిగి చూడటానికి వచ్చినప్పుడు సాయిలు ఆమెను ఒకటే అడిగాడు.

"ఇగ లేవొచ్చా?"

"అవి కోలుకున్నయి. నువ్వు కోలుకోలే."

ఆయన మళ్లీ దిండు మీద వాలాడు. ఆ మధ్యాహ్నం, పట్టపగలు, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మంచం పక్కన నేల మీద రామలింగం కూడా మోకాలు చాపుకుని పడి ఉన్నాడు. వార్డు ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టుకుని వాళ్ల దగ్గర ఆగింది.

"ఈ ముసలాయన ఏమైతడు? ఈడ పండుకోవద్దు."

"మా ఆయనకు బండి మీద జోడీ," అంది స్వరూప. "జరసేపు లేపకమ్మా. ఇటు పక్క ఊడ్చుకో."