వేడి రొట్టెల రోజులు

ఈ ఉదయం పక్కింట్లో జొన్నరొట్టెలు తట్టే చప్పుడు మొదలైంది. పూజ సగంలో ఆపి, అది ఆగేదాకా చెవులు రిక్కించి కూర్చున్నాను. కొడుకింటి నుంచి వచ్చేశాక వనపర్తిలో నాకు గది అద్దెకిచ్చిన ఇంటామె అది చూసి, రొట్టెల చప్పుడులో ఏ హరికథ వినిపిస్తోందని ఎగతాళి చేసింది.

కోడేరు దగ్గర మా ఊళ్లో, నాయిన అమ్మను లోపలి గదిలో కొట్టడం మొదలుపెట్టగానే, నాయిన తల్లి మా జేజి పొయ్యి ముట్టించి రొట్టెలకు కూర్చునేది. ఏడుపు పక్కింటికి పోకుండా పీట అదిరేలా తట్టేది. అమ్మకు దెబ్బలు పడిన ప్రతిరోజూ మాకు వేడి రొట్టెలు, పైన ఇంత వెన్నపూస. పిల్లలం, ఆ రోజులంటే మాకు ఇష్టంగానే ఉండేది, దేవుడు క్షమించాలి. నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే భజన పుస్తకం చదవడమూ రొట్టె తట్టడమూ జేజే నేర్పింది. "జోరుగ తట్టు బిడ్డా, ఇంటి సంగతి ఇంట్లనే ఉండాలె" అనేది. గుండ్రంగా వస్తే మెచ్చుకునేది కూడా.

ఇటిక్యాలకు కోడలిగా వచ్చాక నా వీపు మీద దెబ్బలు పడుతుంటే మా అత్త బయట తట్టేది. కన్ను పోలేదు, పళ్లు రాలలేదు, జోగులమ్మ తల్లి చల్లగా చూసిందని దండం పెట్టుకునేదాన్ని. మా ఆయన పోయాక కూడా ఆ దండం మానలేదు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నా కొడుకు భార్యను జుట్టు పట్టి గదిలోకి ఈడ్చుకుపోయాడు. నా చేతులు వాటంతట అవే పిండిలో నీళ్లు పోశాయి. "అత్తా" అని ఆ పిల్ల మూడుసార్లు పిలిచింది. నేను ఆరు రొట్టెలు తట్టాను. పగిలిన పెదవితో బయటికొచ్చి నా ఎదుట కూర్చుంది.

"పిలిస్తే ఇనవడలేదా అత్తా?"

"రొట్టెలు చేస్తున్న బిడ్డా."

"అందరం తింటిమి గద. గివి ఎవరికి?"

 సాయంత్రం బస్సుకు కోడలు రాజోలిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ రొట్టెల్లో నాలుగు నా కొడుకే తిన్నాడు.

వారం తర్వాత వాడు నన్ను రాజోలికి బయల్దేరమన్నాడు. "నువ్వొచ్చి జర నెత్తి నిమిరితే ఒస్తదమ్మా. నీ మాట తీసెయ్యదు." నిజమే, వచ్చేది. అందుకే భయమేసింది. రానన్నాను. జన్మలో ఒక మగవాడికి కాదని చెప్పడం నాకదే మొదలు. వాడి చెయ్యి లేచింది.

పొయ్యి దగ్గర ఎవరూ లేరు. దెబ్బ, నా కేక, రెండూ వాడకట్టంతా విన్నది, నలుగురు పరుగెత్తుకొచ్చారు. చెంప మండుతుండగానే జోగులమ్మ తల్లికి చేతులు జోడించాను. దెబ్బల చప్పుడు మా గడప దాటడానికి మూడు తరాలు పట్టింది.