బహ్లా పడమటి పాత రన్‌వే, హమూద్ గారి గోడ

ముందుగా పాఠకులు నా తెలుగును మన్నించాలి. పగలు తాపీపని చేస్తూ, హైదరాబాదులో సాయంకాల కళాశాలకు వెళ్లి, ముప్పై రెండవ ఏట చరిత్ర ముఖ్యాంశంగా బి.ఏ. ఉత్తీర్ణుడనైనవాడిని. ఆ తరువాత పదిహేనేళ్లుగా ఒమాన్‌లో హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలిసిన సైటు భాషలోనే బతుకుతున్నందువల్ల నా వాక్యాలు తుప్పు పట్టాయి. అయినా చూసినదాన్ని చూసినట్టు చెప్పగలనన్న నమ్మకం నాకుంది.

ఈ ప్రయాణానికి కారణం నేను రాసిన రెండు మాటలు. నేను ఒక రోడ్డు కంపెనీలో సర్వే అసిస్టెంటును. పోయిన వారం బహ్లాకు పడమట కొలతలు తీస్తుండగా ఒక కంకర మైదానంలో రెండు వరుసల రాళ్లు కనిపించాయి. ఎండ మండిపోతోంది, నేను బండి దిగలేదు. సర్వే కాగితంలో రిమార్కుల గడిలో ‘రాళ్లు, తొలగించవచ్చు’ అని రాసి సంతకం చేశాను. మస్కట్ దగ్గర మబేలాలోని రూముకు తిరిగి వచ్చాకగానీ ఆ వరుసలు మరీ తిన్నగా ఉన్నాయని తోచలేదు. 1950లలో ఈ ప్రాంతం తగాదాలో ఉండేది. తీరంలోని సుల్తాను అధికారం ఎక్కడ ఆగుతుందో, లోపలి ఇమాము అధికారం ఎక్కడ మొదలవుతుందో తేలలేదు. ఇంకా పడమటనున్న ఎడారి సరిహద్దు గీతను అందరూ ఒప్పుకోలేదు. సుల్తాను పక్షాన బ్రిటిషువారి చిన్న విమానాలు ఇలాంటి కంకర నేలల మీద దిగేవని చదివాను. అవి ఆ రన్‌వే గుర్తులే అయితే, ఆదివారం ఉదయం షవల్, అంటే మట్టి తోసే యంత్రం, వచ్చి వాటిని ఎండిన ఏటిలోకి తోసేస్తుంది, నా సంతకాన్ని బట్టి. నాకు మిగిలిన సెలవు శుక్రవారం ఒక్కటే.

అల్ మవాలేలో దుకాణం బండి నడిపే కడప ఖాదర్ బాషా తన సొంత కారు తెచ్చాడు. పెట్రోలు ఖర్చు రానుపోను ఏడు రియాళ్లు. ఉదయం ఐదున్నరకు మబేలాలో బయలుదేరి, నిజ్వా రోడ్డు పట్టుకొని, ఇజ్కీ దగ్గర పరోటా, చాయ్ కోసం ఆగాము. ఇద్దరికీ కలిపి ఒక రియాలు లోపే అయింది.

“సెలవు రోజు గూడా రాళ్లు సూడనీకేనా, బి.ఏ. సార్?” అన్నాడు ఖాదర్.

“నువ్వు బండి నడుపు భాయ్. చరిత్ర సంగతి నేను జూస్త.”

“సూడు సూడు. ఆ చరిత్రకి ఏసీ ఉంటాదో లేదో అడిగి సూడు.”

ఎనిమిదికి బహ్లా కోట గోడలు దాటాము. జబ్రీన్ మలుపు దాటాక పడమటి రోడ్డులో ఇరవై నిమిషాలు, ఆపైన కంకర దారిలో పది నిమిషాలు పడుతుంది. మామూలు కారు చాలు, నెమ్మదిగా నడపాలి.

ఈసారి నేను బండి దిగి నడిచాను. రన్‌వే తూర్పు పడమరలుగా నాలుగు వందల పది అంగలు ఉంది. రెండు వైపులా ముప్పై ఒక్కేసి రాళ్లు, అడుగు భాగాల్లో ఇంకా సున్నం చారలు. ఒక రాయి మధ్యలో పిడికిలి పట్టేంత గుండ్రని గుంట ఉంది. గాలి ఎటు వీస్తున్నదో విమానం నడిపేవాడికి తెలియడానికి గుడ్డగొట్టం కట్టిన కర్రను ఈ గుంటలోనే నిలబెట్టేవారని ఖాదర్‌కు వివరించాను. అతడు నోరు తెరుచుకొని విన్నాడు. ఆ క్షణాన నా డిగ్రీకి తగిన పని దొరికిందనిపించింది. ‘ఈ చారిత్రక రన్‌వేను కనుగొన్నది’ అన్న మాట కింద నా పేరుతో పురావస్తు కార్యాలయానికి ఒక ఉత్తరాన్ని ముందే రాసి సంచిలో పెట్టుకొని వచ్చాను కూడా.

ఇంతలో పక్కనున్న ఖర్జూరపు తోటలోంచి చేతికర్రతో ఒక వృద్ధుడు వచ్చాడు. ఎనభై దగ్గర ఉంటుంది వయసు. మమ్మల్ని పైనుంచి కిందకు చూసి, “తయ్యారా?” అని అడిగాడు.

“తయార్, బాబా, తయార్!” అని నిటారుగా నిలబడ్డాను.

ఖాదర్ పొట్ట పట్టుకొని నవ్వాడు. “సార్, ఆయప్ప రెడీనా అని అడగలే. అరబ్బీలో తయ్యారా అంటే ఇమానం! ఇమానం కోసరం వచ్చినారా అని అడగతాండాడు.”

వృద్ధుడు కూడా నవ్వి, తోటలోకి పిలిచి కహ్వా కాఫీ, ఖర్జూరాలు పెట్టాడు. ఆయన పేరు హమూద్. మస్కట్‌లో చాలాకాలం పనిచేసినందువల్ల ఆయనకు హిందీ వచ్చు. నేను గుడ్డగొట్టం సంగతి చెప్పగానే కప్పు కింద పెట్టి, మమ్మల్ని మళ్లీ ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లాడు. వంగి, పిడికిలి గుంటలో పెట్టి అటూ ఇటూ తిప్పుతూ, నోటితో కిర్రుమని చప్పుడు చేశాడు.

“బాబ్. దర్వాజా,” అన్నాడు.

పాత తలుపు కింది కొన తిరగడానికి రాతిలో తొలిచే గుంట అది. తాపీపనిలో ఉండగా అలాంటి గుంటను నేనే ఉలితో తొలిచాను.

“బి.ఏ. సార్‌కి తలుపు దొరికె,” అని ఖాదర్ మెల్లగా అన్నాడు.

హమూద్ గారు చెప్పిన సంగతి ఇది. ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు సైనికులు వచ్చి, దగ్గరలో ఉన్నదని ఈ తోట గోడను విప్పి, ఆ రాళ్లకు సున్నం కొట్టి వరుసలు పేర్చారు. ఉత్తరాలు, పెట్టెలు, మనుషులు విమానాల్లో దిగేవారు. తగాదా తీరాక రాళ్లు తిరిగి ఇస్తామన్నారు. తగాదా తీరింది, విమానాలు ఆగిపోయాయి, ఇచ్చేవారు మాత్రం రాలేదు. అవి సర్కారు రాళ్లు, ముట్టుకుంటే జైలు అని ఆయన తండ్రి భయపెట్టాడు. తోటకు నేటికీ ముళ్ల తీగే. మా కంపెనీ ఎర్రగుడ్డల మేకులు పాతినప్పటి నుంచి, ఆ రాళ్లను ఏటిలో పారేస్తారని విని ఆయనకు నిద్ర లేదు.

నా ఉత్తరం తీసి చూపించాను. దీన్ని పంపితే ఆఫీసువారు రాళ్లను కాపాడతారు, కంచె వేస్తారు, బోర్డు పెడతారు అన్నాను.

ఆయన రాయి మీద చేయి వేశాడు. “తయ్యారా తుమ్ లేలో,” అన్నాడు. “దీవార్ మేరా హై.”

విమానం నువ్వు తీసుకో, గోడ నాది. ఆదివారం అందజేయవలసిన సర్వే కాగితాన్ని కారు బానెట్ మీద పరిచి, ‘తొలగించవచ్చు’ అన్న మాట కొట్టివేసి, ‘ఇవి పక్క తోట గోడ రాళ్లు. యజమానికి అప్పగించాలి. మొదటి రిమార్కు నా పొరపాటు’ అని రాసి సంతకం పెట్టాను.

ఆదివారం మా మలయాళీ ఇంజనీరు కాగితం చూసి, “ఛుట్టీ మే సైట్ పే జానే కో కిస్‌నే బోలా?” అని, సెలవు రోజున సైటుకు ఎవరు వెళ్లమన్నారని కేకలేశాడు. ఎవరూ చెప్పలేదని, తప్పు నాదేనని అన్నాను. ఆయన కాసేపు గొణిగి, ఏరు ఎంత దూరమో తోట కూడా అంతే దూరమని షవల్‌ను అటు మళ్లించాడు. పదకొండు గంటలకల్లా అరవై రెండు రాళ్లూ తోట అంచుకు చేరాయి. హమూద్ గారు గుంట ఉన్న రాయిని మాత్రం షవల్‌కు వదలలేదు. కొడుకుతో కలిసి గునపాలతో దొర్లించుకుంటూ తీసుకెళ్లాడు.

ఇప్పుడు ఆ రన్‌వే నేల మీద లేదు. నా నోటుపుస్తకంలోనూ, పన్నెండు ఫోటోలలోనూ ఉంది. చరిత్ర చదివినవాడిగా అది నాకు నష్టమే, దాచను. అయితే ఆ రాళ్లు గుర్తులు కాకముందు ఏమిటని నేను ఒక్కసారైనా అడగలేదు. ఉత్తరాన్ని కొలతలతో సహా సంబంధిత కార్యాలయానికి పంపుతున్నాను, ‘కనుగొన్నది’ అన్న మాట తీసేసి.

వెళ్లేవారికి ఒక సూచన: శుక్రవారమైతే పదకొండున్నరలోపే భోజనం చేయండి. జుమా నమాజు ముగిసేదాకా బహ్లాలో హోటళ్లు మూసి ఉంటాయి. మేము రెండింటి వరకు ఆకలితో కూర్చున్నాము.

దీన్ని తరువాత చదవవలసినవారు: మొదట, సర్వే పనిలో కొత్తగా చేరిన మన కుర్రవాళ్లు. ఆపైన హమూద్ గారు. ఆయనకు తెలుగు రాదు కనుక ఖాదర్ భాయ్ ఫోనులో హిందీలో చదివి వినిపించాలి, నేను పొరబడిన చోటును దాటవేయకుండా.